బోర్డు తీసేసిన గోడ

గుడికి ఫ్యాన్ ఇస్తే మూడు రెక్కల మీదా పేరు రాయించుకునే జాతి మనది. అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే రిటైర్డ్ డాక్టర్ రంగారావు అంకుల్ కూడా అంతే. యుద్ధం తర్వాత ఇరాక్‌లో మా వాలంటీర్ సంస్థ కట్టిన చిన్న క్లినిక్‌కి, చనిపోయిన తన భార్య సరోజిని గారి పేరు మీద విరాళం ఇచ్చారు. ఆవిడ పేరూ, మా అమెరికా సంస్థ పేరూ ఉన్న బోర్డు ఫొటో ఎంతకీ రాలేదు. ఫొటో రాకపోతే మందులకు డబ్బు పంపకూడదని సంస్థ రూలు. అక్కడి నర్సు వాళ్ల అక్క సల్మా మాకు దగ్గర్లోని డియర్‌బోర్న్‌లోనే ఉంటారని తెలిసి, 2010 అక్టోబర్‌లో ఒక శనివారం అంకుల్‌ని కారెక్కించుకుని బయల్దేరాను.

సౌత్‌ఫీల్డ్ ఫ్రీవే మీద అరగంట ప్రయాణం, వారెన్ ఎవెన్యూ దగ్గర ఎగ్జిట్ తీసుకోవాలి. దారంతా అంకుల్ సణుగుతూనే ఉన్నారు. "ఒక్క ఫొటో తీసి మెయిల్ చేయడానికి వాళ్లకేం రోగమమ్మా?" నాకూ ఒళ్లు మండుతూనే ఉంది.

సల్మా ఆ వీధిలోనే ఒక బేకరీలో పనిచేస్తారు. నువ్వులూ ఆకుపొడీ చల్లిన వేడి రొట్టె, రెండు డాలర్ల లోపే, మాకు పెట్టి తనూ కూర్చున్నారు. మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే.

"బోర్డు ఏమైందమ్మా?" అంకుల్ సూటిగా అడిగారు.

"మా చెల్లే తీసి స్టోర్‌రూమ్‌లో పెట్టింది డాక్టర్. అమెరికా డబ్బని తెలిస్తే అక్కడి తుపాకీ ముఠాల వాళ్లు దాన్ని బతకనివ్వరు. బోర్డు పెడితే ప్రాణభయం, పెట్టకపోతే మందులు రావు. ఏం చేయమంటారు?"

సల్మా తన ఫోన్‌లో క్లినిక్ ఫొటో చూపించారు. గోడకి నాలుగు మేకుల కన్నాలు, కింద చంటిపిల్లలతో ఆడవాళ్లు. అంకుల్ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. రూలు తప్పని నేను అనలేను, ఆధారం అడగకపోతే డబ్బు ఎవరి జేబులోకి పోతుందో ఎవరికి తెలుసు?

"సంస్థ మీటింగ్‌లో నేను చెప్తాను, క్లినిక్ నడుస్తోంది, ఫొటో నేను చూశాను అని. నా మాట చాలకపోతే మందుల ఖర్చు నేనే పెట్టుకుంటాను," అన్నారు అంకుల్. లేవబోతూ ఆగారు. "స్టోర్‌రూమ్‌లో ఎలుకలుంటాయేమో. ఆ బోర్డుకి ఒక గుడ్డ చుట్టమని చెప్పమ్మా."

సాయం చేశామని కళ్లారా చూసుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ ఆ ముచ్చట వేరేవాళ్ల పీకల మీదికి వస్తుందని ఇంట్లో కూర్చుంటే నాకు తెలిసేది కాదు. మీరు వెళ్తే ఆ వీధిలో ఏ బేకరీకైనా పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి మంచి రొట్టెలు అయిపోతాయి. అడగకుండా ఎవరినీ ఫొటో తీయకండి. ఈ పోస్టులో ఫొటోలు లేవు, క్లినిక్ ఉన్న ఊరు చెప్పలేదు, మనుషుల పేర్లు మార్చాను. సరోజిని గారి పేరు ఒక్కటి మాత్రం ఉంచమని అంకుల్ అడిగారు. ఉంచాను.