తలంటు

ఒక చిన్నపిల్ల గొంతు నా వల్ల పోయింది.

మనిషిని చంపానని కాదు. ఆ పిల్ల అప్పటికే పోయింది. వాళ్లమ్మకీ నాన్నకీ మిగిలింది ఆ గొంతొక్కటే. దాన్ని పోగొట్టింది నేను. పోగొట్టి, ఆ నేరాన్ని నన్ను నోరారా అన్నా అని పిలిచే మనిషి నెత్తిన రుద్దాను. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే దమ్ముంటే ఈ మూట ఇంతకాలం మోసేవాణ్ణే కాదు.

తొంభైల చివరి మాట. నేను విజయవాడలో ఒక ఆఫీసులో గుమాస్తాని. నన్ను అన్నా అని పిలిచే ఆ మనిషి సుభానీ. వాళ్లకి వన్‌టౌన్‌లో చెప్పుల కొట్టుండేది. కొట్టు మీద గది అతనిది. ఆదివారం వచ్చిందంటే నేనక్కడే. మాలాంటి పిచ్చివాళ్లు మరికొందరు వస్తూ పోతూ ఉండేవారు. నీళ్ల ట్యాంకు నిండితే కూతపెట్టే అలారం, చీకటి పడితే తనంతట తానే వెలిగే లైటు, ఏదో ఒకటి అతుకుతూనే ఉండేవాళ్లం. అలారం పిల్లిలా అరిచేదని సుభానీ వాళ్లమ్మ కిందనుంచి తిట్టేది, తిట్టి టీ పంపించేది. సుభానీ గొప్ప పని అతని యూపీఎస్. ట్రాన్స్‌ఫార్మర్ కూడా బజార్లో కొనకుండా, తన చేత్తో ఒక్కొక్క చుట్టే చుట్టుకున్నాడు. కరెంటు పోయి ఊరంతా ఉస్సురంటుంటే మా గదిలో కంప్యూటర్ ఆగేది కాదు. అప్పుడు వాడి ముఖం చూడాలి! కొడుకు మొదటి ర్యాంకు తెచ్చినంత సంబరం.

ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు మూలన పడేస్తున్న రోజులవి. అడిగి తెచ్చుకునేవాళ్లం. చచ్చినవాటి భాగాలు కలిపి ఒకదాన్ని బతికించి, ఉయ్యూరు వైపో పామర్రు వైపో ఏదైనా బడికి ఇచ్చేవాళ్లం. ఇచ్చేముందు దాని డిస్కులో ఉన్న పాత చెత్తంతా తుడిచేయాలి. ఫార్మాట్ అంటారు. సుభానీ దానికి తలంటు అని పేరు పెట్టాడు. కొత్త ఇంటికి వెళ్లే పిల్లకి తలంటు పోయకుండా పంపిస్తామా అనేవాడు. ఆ పని నాది. తలంటులో అన్నని మించినోడు లేడని అందరూ అనేవారు. అనిపించుకోవడం నాకిష్టంగా ఉండేది. ఎంత ఇష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

మొదటి కంప్యూటర్ వెళ్లింది పామర్రులో ఒక మాస్టారి బడికి. ఆ తర్వాత ఆయనా మావాడైపోయారు. ఆదివారం బస్సెక్కి వచ్చేవారు. ఒక్కోసారి కూతుర్ని వెంట తెచ్చేవారు. లలిత. ముందు పళ్లు రెండూ ఊడిపోయిన వయసు. మేం అప్పుడే గొంతు రికార్డు చేసే చిన్న డబ్బా ఒకటి తయారుచేశాం. ప్రింటర్ తగిలించే చోట పెట్టుకోవాలి దాన్ని. ఏదో ఒకటి మాట్లాడమ్మా అంటే ఆ పిల్ల పదమూడో ఎక్కం ఎత్తుకుంది. గడగడా చెప్పుకుంటూ వచ్చి, పదమూడు ఎనిమిదులు దగ్గర టక్కున ఆగిపోయింది. "మర్చిపోయా!" అని ఒకటే నవ్వు. పక్కనుంచి మాస్టారు మెల్లగా "నూట నాలుగు" అందించారు. అదీ రికార్డయింది. అంతే. అంతకుమించి ఏమీ లేదు అందులో.

మరుసటి వానాకాలం ఆ పిల్లకి మెదడువాపు జ్వరం వచ్చింది. బెజవాడ ఆస్పత్రికి తెచ్చారు. దక్కలేదు.

ఏం చేయగలం? ఒక కంప్యూటర్ బాగుచేసి మాస్టారింట్లో పెట్టి, ఆ రికార్డు అందులో వేసి ఇచ్చాం. బడి నుంచి వచ్చాక ఆయన దాని ముందు కూర్చునేవారు. నేనొకసారి చూశాను. మాస్టారి భార్య గదిలోకి రారు. వంటింటి గుమ్మంలో నిలబడతారు, చేతిలో పని చేతిలోనే ఉంటుంది. అయిపోయాక ఒక్కమాట అంటారు: "ఆ నవ్వే దగ్గర మళ్లీ పెట్టండి." ఆయన మళ్లీ పెడతారు. నేను ఆ ఇంట్లో కాఫీ కూడా తాగలేక బయటపడ్డాను.

కొన్నాళ్లకి ఆ డిస్కు కిర్రుకిర్రుమనడం మొదలుపెట్టింది. మొదట రికార్డు చేసిన కంప్యూటర్ అప్పటికే తలంటు పోసుకుని ఏదో బడికి వెళ్లిపోయింది. ఫ్లాపీలో దాచిన కాపీ తీసి చూస్తే బూజు పట్టి ఉంది. మాస్టారు కంగారుపడి డిస్కుని తువ్వాలులో చుట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. "పెద్ద డిస్కులోకి మార్చి పెట్టండి బాబూ, మీ చేతుల్లో అయితే నాకు భయం లేదు" అన్నారు నాతో.

ఆ ఆదివారం సుభానీ బందరులో చుట్టాల పెళ్లికి వెళ్లాడు. గది తాళం నాకిచ్చాడు. నేనొక్కణ్ణే.

రెండు డిస్కులు ఒకే కంప్యూటర్‌కి తగిలిస్తే ఒకటి మొదటిది, ఒకటి రెండోది అవుతుంది. ఏది ఏదో నిర్ణయించేది వెనక ఉండే గోరంత ప్లాస్టిక్ ముక్క, జంపరు. తలంటు పోయాల్సినదాన్ని మేమెప్పుడూ రెండోదిగా పెట్టేవాళ్లం. అది మా అలవాటు. ఆవేళ తలంటు పోయాల్సింది ఆఫీసు నుంచి తెచ్చిన పెద్ద డిస్కుకి, అది రెండోదిగా పనిచేయనని మొరాయించింది. జంపర్లు మార్చి దాన్ని మొదటిది చేశాను. అంటే మాస్టారి డిస్కు రెండోదయింది. గుర్తుంటుందిలే అనుకున్నాను. కిందికి దిగి టీ తాగాను. ఎవరితోనో క్రికెట్ కబుర్లు చెప్పాను. పైకొచ్చి కూర్చున్నాను. వేళ్లు ఎప్పుడూ కొట్టేదే కొట్టాయి. ఉన్నదంతా పోతుంది, సరేనా అని అది అడిగింది. అడిగింది కదా? అడిగింది. సరేనని నొక్కాను.

అయిపోయాక తెరిచి చూస్తే మాస్టారి డిస్కు ఖాళీ.

అప్పుడు నేనేం చేసి ఉండాల్సింది? ఇది నన్ను నేను అడగని రోజు లేదు. మాస్టారి కాళ్ల మీద పడి, పొరపాటైంది అని ఉంటే ఆయన తిట్టేవారా? ఆయన పిల్లల్నే తిట్టడం నేనెప్పుడూ వినలేదు. మరి దేనికి భయపడ్డాను? తలంటులో నన్ను మించినోడు లేడు. ఆ పేరు పోతుందని. ఇంతకంటే గొప్ప కారణమేదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్లు వెతికాను. దొరకలేదు.

డిస్కుకి వెళ్లే వైర్లలో ఎరుపుది ఐదు వోల్టులు, పసుపుది పన్నెండు. ఆ రెండూ మార్చి తగిలించాను. చేతులు వణకలేదు. అది కూడా చెప్పాలి. చిన్న చిటపట, కాలిన వాసన, అంతే. డిస్కు కింద ఉండే బోర్డు మాడిపోయింది. ఇక అది ఖాళీగా ఉందని ఎవరూ చూడలేరు.

మర్నాడు మాస్టారొస్తే, పెళ్లి నుంచి తిరిగొచ్చిన సుభానీ ఎదుటే చెప్పాను. కరెంటు పోయి వచ్చిందనీ, యూపీఎస్ ఎక్కువ వోల్టేజి వదిలిందనీ. సుభానీ నమ్మలేనట్టు చూశాడు. యూపీఎస్ విప్పి మీటరు పెట్టి ఒక్కొక్క చుట్టూ వెతికాడు. లోపం కనబడలేదు. ఎలా కనబడుతుంది? "మరి మిగతా కంప్యూటర్‌కి ఏం కాలేదేంటన్నా?" అని ఒక్కసారి అడిగాడు. అదృష్టం అన్నాను. వాడు మాస్టారి వైపు తిరిగాడు. నేను చుట్టిందే మాస్టారూ, తప్పు నాదేనండీ అన్నాడు. మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే నాయనా. పిల్లనే నిలుపుకోలేకపోయాం" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని.

ఇక్కడితో ఆగి ఉంటే, పిరికివాడి పొరపాటు అని నన్ను నేను ఎలాగో క్షమించుకునేవాణ్ణేమో. ఆగలేదు. అసలు తప్పు ఇంకా చెప్పలేదు.

కొన్ని నెలలకి ఒక పాత కంప్యూటర్ పుస్తకం చదువుతుంటే తెలిసింది. తలంటు పోసినా డిస్కులో ఉన్నది పోదు. పుస్తకం ముందు ఉండే విషయసూచిక చింపేసినట్టు, అంతే. పేజీలన్నీ లోపల అలాగే ఉంటాయి. పైన ఇంకేమీ రాయకుండా ఉంటే వెనక్కి తీయొచ్చు. నేను ఏమీ రాయలేదు. అంటే ఆ గొంతు ఆ నవ్వుతో సహా ఆ డిస్కులోనే ఉంది. నా ఇంట్లో, నా బీరువాలో, పాత చొక్కాల కింద. పారేయడానికి మనసొప్పక దాచాను. బోర్డు మాడిపోయింది కదా, ఇప్పుడు తెలిసి ఏం లాభం అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, లాభం లేదని సంతోషించాను.

ఒకరోజు మధ్యాహ్నం సుభానీ మా ఇంటికొచ్చాడు. ఎండలో సైకిలు తొక్కొచ్చి ఒగరుస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"దొరికిందన్నా!"

"ఏంట్రా?"

జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో ఒక ఆకుపచ్చ బోర్డు.

"మాస్టారి డిస్కుది. సేమ్ కంపెనీ, సేమ్ మోడల్. ఆటోనగర్లో ఒక షెడ్డులో లెక్కలు రాసుకునే పాత కంప్యూటరుంటే బతిమాలి తెచ్చా. బోర్డు ఒక్కటేగా మాడింది, లోపల రికార్డుండే పళ్లేలకి ఏం కాదన్నా. ఇది మార్చామంటే పాప మాట్లాడుద్ది. డిస్కు నీ దగ్గరే ఉందిగా?"

అన్నాళ్లూ వాడు దానికోసమే తిరుగుతున్నాడని నాకు తెలియదు. పాత కంప్యూటర్ ఎక్కడున్నా వెళ్లి మూత విప్పి చూసేవాడట.

ఒక్క క్షణం ఉంది నాకు. గుమ్మానికి అవతల వాడు, ఇవతల నేను. బోర్డు మారిస్తే డిస్కు తిరుగుతుంది. తిరిగితే ఖాళీగా కనబడుతుంది. కాలిపోయిన డిస్కు ఖాళీ ఎలా అయిందని వాడు అడుగుతాడు. కానీ అంతా చెప్పేస్తే, ఆ ఖాళీలోంచి గొంతు బయటికి తీయొచ్చు. ఎలా తీయాలో నాకు తెలుసు. ఒకవైపు ఆ తల్లి గుమ్మంలో నిలబడి వినే నవ్వు. రెండోవైపు నా పరువు. ఇందులో ఆలోచించడానికి ఏముంది చెప్పండి? నేను ఆలోచించాను.

"లేదురా. పాత సామాన్లవాడికి వేసేశాను."

"వేసేశావా?"

"మాడిపోయిందిగా, ఇంకెందుకని..."

"ఏ సామాన్లవాడన్నా? ఎప్పుడు? పోయి అడుగుదాం పద."

"ఎప్పుడో వేశాను. వాడెవడో గుర్తులేదు."

వాడు నన్ను తిట్టలేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను ముందే చెప్పుండాల్సింది అన్నా, వెతుకుతున్నానని. నాదే తప్పు" అన్నాడు. ఆ తప్పు కూడా వాడే తీసుకున్నాడు. మంచినీళ్లిస్తే తాగి వెళ్లాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్తూ బీరువాలోంచి డిస్కు తీసి సంచిలో వేసుకున్నాను. బందరు కాలువ వంతెన మీద ఆగాను. కాలువ నిండుగా పారుతోంది. చూసేవాళ్లకి పూజ పువ్వులు వదులుతున్నట్టుంటుందని ఒక కవరులో పెట్టి మరీ తెచ్చాను. అంత తెలివి. వదిలేశాను. ఆఫీసుకి టైముకే వెళ్లాను.

ఆ తర్వాత సుభానీ ఏదీ తయారుచేయలేదు. యూపీఎస్ విప్పి, తను చుట్టిన రాగి తీగంతా విప్పేశాడు. ఎందుకురా అంటే, నా చేతిలో ఏదో లోపముందన్నా, ఇంకోళ్ల ఇంట్లో ఇంకేం కాలుస్తానో అన్నాడు. పైగదిలో చెప్పుల డబ్బాలు పేర్చాడు. ఆదివారాలు ఆగిపోయాయి. మాస్టారు రిటైరయ్యారు, ఆ తర్వాత పోయారు. పరామర్శకి పామర్రు వెళ్తే ఆవిడ నన్ను గుర్తుపట్టారు. "మీరంతా మాకెంత చేశారో బాబూ" అన్నారు. ఇన్నేళ్లకి ఆవిడకి పిల్ల ముఖం గుర్తుందట గానీ గొంతు గుర్తుకు రావడం లేదట. ఎంత తలుచుకున్నా వేరే పిల్లల గొంతే వినిపిస్తోందట. "ఎలా ఉండేదండీ, మీకేమైనా గుర్తుందా?" అని నన్నే అడిగారు.

నాకు గుర్తుంది. ఇప్పటికీ గుర్తుంది, ఆగిన చోటుతో సహా. నాకు గుర్తుండి ఆమెకి లేదు. లేదండీ అన్నాను.

సుభానీ ఇప్పటికీ కొట్లోనే ఉంటాడు. అటు వెళ్తే కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు. చెప్పాలనే చాలాసార్లు వెళ్లాను. చెప్పుల సైజు అడిగి, కొనుక్కుని వచ్చేస్తాను. చెబితే వాడికి మేలే కదా, వాడి చేతుల్లో లోపం లేదని తెలుస్తుంది కదా అని నన్ను నేను గదమాయించుకుంటాను. నిజమే. కానీ వయసులో వాడు చేసి ఉండాల్సినవన్నీ ఇప్పుడు నేనెక్కణ్ణుంచి తెచ్చివ్వను? ఇదీ సాకేనేమో. నా సాకుల మీద నాకే నమ్మకం లేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. వాడికి చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను, ఇది ఎంత చేతకానితనమో తెలిసే. ఆ రోజు కరెంటు పోలేదు. సుభానీ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏ లోపమూ లేదు. డిస్కుని చెరిపింది నేను, కాల్చింది నేను, బతికించే దారి తెలిసీ కాలువలో పడేసింది నేను.

రాసేశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది.