ఇరవై ఆరు మేకులు

గది అత్త గదికి తాళం వెయ్యమని నోటు రాసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబుదామనుకుంటే ఎక్కడో ఒకచోట నన్ను నేను మంచివాణ్ణి చేసేసుకుంటాను. ముప్పై ఏళ్ళ గుమాస్తా బుద్ధి అంత తేలిగ్గా పోదు.

మా ఆఫీసు రెండంతస్తుల మేడ. కింద మేము, సంక్షేమం. పైన పరిశ్రమల వాళ్ళు. వాళ్ళు దేశానికి సంపాదించి పెట్టేవాళ్ళనీ, మేము దాన్ని ఖర్చు పెట్టేవాళ్ళమనీ అందరూ అనుకునేవాళ్ళు. సిగ్గులేకుండా మేమూ అలాగే అనుకునేవాళ్ళం. ఊరి చివర చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీకి స్థలం ఇప్పించింది పై అంతస్తు. ఆ ఫ్యాక్టరీ వెనక సందులో, పనికి వచ్చే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునే గది పెట్టింది కింది అంతస్తు. రెండు ఫైళ్ళూ ఒకే మేడలో పదకొండేళ్ళు ఉండి ఒకదాని మొహం ఒకటి చూడలేదు. మధ్యలో ఉన్నవి ఇరవై రెండు మెట్లు.

ఆ గదిని నడిపే ఆవిడే గది అత్త. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. పిల్లలకీ అత్తే, వాళ్ళ తల్లులకీ అత్తే. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక ఆసుపత్రి వంటగదిలో పనిచేసింది. ఒకరోజు పాలు తక్కువొచ్చాయి. నింద ఆవిడ మీద పడింది. నలుగురి ముందు సంచీ బోర్లించమన్నారు. అందులోంచి ఒక దువ్వెన, రుమాలు, కుట్టు ఊడిన ఒక చొక్కా పడ్డాయి. నెల తిరిగాక తెలిసింది, పాలవాడి కొలత డబ్బాకే అడుగున సొట్ట ఉందని. డబ్బా మార్చారు. అప్పటికే పని మానేసిన ఆవిడకి మాత్రం కబురు పెట్టినవాళ్ళు లేరు.

అప్పటినుంచీ ఆవిడ ఒక్క విషయానికి భయపడేది. తినని మనిషి పేరు మీద ఒక్క మెతుకు కూడా రాయకూడదు.

గది ఒకప్పుడు దారపు ఉండలు దాచిన గోడౌను. వసారా గోడకి మనిషి ఛాతీ ఎత్తున వరసగా మేకులు కొట్టి ఉండేవి. పిల్లకో మేకు. దానికి ఆ పిల్ల సంచీ, తువ్వాలు. ఎవరివి ఎవరివో కలిసిపోకుండా ఫ్యాక్టరీలో పారేసిన దారపు ముక్కలు తెచ్చి, ఒక్కో మేకుకీ ఒక్కో రంగు కట్టేది. పొద్దున పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ ఫ్యాక్టరీ గంట కొడితే, పాలిచ్చే తల్లులు సందు దాటి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పన్నెండు నిమిషాలు టైము. బిడ్డకి పాలిచ్చి, మూతి తుడిచి, మళ్ళీ పరుగు.

వాళ్ళలో ఒకామెని అందరూ కాలరు అక్క అనేవాళ్ళు. కాలరు కుట్టడంలో ఆమెని మించినవాళ్ళు ఆ షెడ్డులో లేరు. "కాలరు ఎక్కకపోతే అది చొక్కా కాదు, చేతులున్న సంచీ" అని సూపర్‌వైజరే అనేవాడట. ఆమె కూతురికి ఆరు నెలలు. ఎప్పుడూ పిడికిళ్ళు బిగించుకునే ఉండేది కాబట్టి గుప్పిటమ్మ అని పేరు పడింది. ఆ పిల్ల మేకుకి పసుపు దారం.

నేను తనిఖీకి వెళ్ళిన రోజు వాన. పొద్దున పదకొండు అయింది. గొడుగు తగిలిద్దామని చూస్తే వసారాలో ఒక్క మేకూ ఖాళీ లేదు. విసుక్కుని గోడకి ఆనించాను.

"పిల్లలు పడుకున్నారు బాబూ. బూట్లు విప్పి రండి, చూద్దురుగాని" అంది గది అత్త.

తడిసిన బూట్లు విప్పడానికి నాకు బద్ధకం వేసింది. "అక్కర్లేదమ్మా, రిజిస్టరు ఇలా ఇవ్వండి" అన్నాను.

గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని తిరగేశాను. కొట్టివేత లేదు, దిద్దుడు లేదు. రోజూ పదకొండు మంది. మా నిబంధన ప్రకారం ఇరవై మంది లేని గది నడపకూడదు.

"పదకొండు మందేనా అమ్మా?"

"ఉన్నది ఉన్నట్టు రాశాను బాబూ."

రిజిస్టరు చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకుని, ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఆఫీసుకొచ్చి నోటు రాశాను. హాజరు చాలదు, మూసివేయవచ్చు. నాలుగు వాక్యాలు. చేతులు దులుపుకున్నాను.

వారంలో ఆర్డరు వెళ్ళింది. గది అత్త స్వయంగా వచ్చి తాళంచెవులు నా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు, బతిమాలలేదు. బతిమాలి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

రెండు నెలలు తిరిగేసరికి పై అంతస్తులో గోల మొదలైంది. ఫ్యాక్టరీ చొక్కాలు టైముకి ఇవ్వలేక పెద్ద ఆర్డరు పోగొట్టుకుంది. కారణం కనుక్కోమని వాళ్ళ పైవాళ్ళ నుంచి ఉత్తర్వు. వాళ్ళు దారం నాణ్యత చూశారు, కరెంటు చూశారు. చివరికి పని మానేసిన పద్దెనిమిది మంది ఆడవాళ్ళ జాబితా తెచ్చి, మళ్ళీ శుభ్రంగా రాసిపెట్టమని నాకిచ్చారు. నా దస్తూరి బాగుంటుందని మేడంతా పేరు. కారణం అన్న గడిలో అందరికీ ఒకటే మాట: కుటుంబ సమస్యలు. కింద ఒక ముక్తాయింపు కూడా ఉంది, ఈ ప్రాంతపు ఆడవాళ్ళకి పని మీద శ్రద్ధ తక్కువని.

రాస్తూ రాస్తూ తేదీలు చూశాను. అందరూ మా తాళం పడిన నెల తిరక్కుండానే మానేశారు. పదకొండు మంది పిల్లలకి పద్దెనిమిది మంది తల్లులేమిటి? అప్పుడు గుర్తొచ్చింది నా గొడుగు. ఖాళీ మేకు లేకపోవడం.

ఆ సాయంత్రమే గది అత్త ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఒంటి గది, ఒక మంచం, కిటికీలో ఆరేసిన తువ్వాలు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను నిలబడింది.

"అమ్మా, ఆ మేకులెన్ని?"

"ఇరవై ఆరు."

"మరి పదకొండు రాశారేంటి?"

"భోజనం తినేది పదకొండు మందే కదా బాబూ. తొమ్మిది మంది పాలు తాగే పసిగుడ్లు. ఇంకో ఆరుగురు పొద్దున బట్టల సంచీ మేకుకి తగిలించి బడికి పోయి, మూడింటికి వచ్చి, అమ్మలు వచ్చేదాకా ఉండేవాళ్ళు. వాళ్ళు తినరు. తినని పిల్ల తిన్నట్టు ఎలా రాస్తాను?"

"తిన్నట్టు కాదమ్మా, వచ్చినట్టు రాయాలి."

"రెండింటికీ మీరిచ్చింది ఒకటే గడి. అందులో టిక్కు పెడితే భోజనం పెట్టినట్టేనని పైన అచ్చేసి ఉంది. నాకు చదవడం వచ్చు బాబూ."

నాకు తల తీసేసినట్టయింది. ఆ ఫారం అచ్చుకి వెళ్ళే ముందు తప్పులు దిద్దింది కూడా నేనే. అక్షరదోషం ఒక్కటి పోనివ్వలేదు.

"మూసేస్తుంటే ఒక్క మాటైనా అనలేదే?"

"ఇరవై మంది తినాలని రూలేమో అనుకున్నాను. లేనప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?"

కాలరు అక్క సంగతి కూడా ఆవిడే చెప్పింది. గుప్పిటమ్మని అట్టపెట్టెలో పడుకోబెట్టి మూడు రోజులు మిషను కింద దాచుకుందట. పాదం మిషను మీద, చెవి పెట్టె మీద. నాలుగో రోజు పిల్ల ఏడ్చింది. ఆ పూటే పంపించేశారు. సామాను కట్టుకుని ఇంకేదో ఊరు పోతూ గది అత్త దగ్గరికి వచ్చిందట. "మళ్ళీ తెరిస్తే కబురు పెట్టు అత్తా" అందట. ఎక్కడికని అడిగితే, పని దొరికిన చోటికని చెప్పిందట.

మర్నాడు ఆ ఇరవై రెండు మెట్లూ ఎక్కాను. జాబితానీ నా నోటునీ పక్కపక్కన పెట్టి పై అంతస్తు అధికారికి చూపించాను. ఆయన రెండు కాగితాల తేదీలూ వేలితో కలిపి చూసి, "అయితే మా ఫ్యాక్టరీ నడిచింది మీ గది మీదనా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తప్పు నాదని రాసి సంతకం పెట్టాను. అయినా రెండు అంతస్తుల సంతకాలూ పూర్తవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. తాళం వెయ్యడానికి వారం చాలింది, తియ్యడానికి మాత్రం మూడు నెలలు.

గది తెరిచారు. పద్దెనిమిది మందిలో పదిహేడుగురు పనిలోకి వచ్చారు. కొత్త ఫారంలో వచ్చినవాళ్ళకి ఒక గడి, తిన్నవాళ్ళకి ఒక గడి. నెలాఖరుకి తనిఖీకి వెళ్ళాను. ఈసారి బూట్లు విప్పి లోపలికి వెళ్ళి, పడుకున్న ఒక్కొక్క పిల్ల మొహమూ చూసి లెక్కపెట్టాను. తర్వాత రిజిస్టరు తీశాను.

మొదటి పేరు గుప్పిటమ్మది. ఎదురుగా తారీకు తారీకుకీ ఒకటే మాట: రాలేదు.

"అమ్మా, ఈ పిల్ల ఊళ్ళోనే లేదుగా. నెల రోజులు రాకపోతే పేరు కొట్టెయ్యాలి. రూలు."

"ఉన్నది ఉన్నట్టే రాశాను బాబూ. రాలేదు కాబట్టి రాలేదని రాశాను. కబురు పెట్టమంది ఆ పిల్ల తల్లి. ఎక్కడికని పెట్టను?"

రిజిస్టరు మూసి వసారాలోకి వచ్చాను. ఇరవై అయిదు మేకులకి సంచులు వేలాడుతున్నాయి. పసుపు దారం కట్టిన మేకు ఖాళీగా ఉంది. ఆ రోజూ వానే, నా చేతిలో గొడుగుంది. దాన్ని గోడకే ఆనించాను.

బదిలీ అయ్యేదాకా నాలుగేళ్ళు ప్రతి నెలా వెళ్ళాను. ఆ పేరు కొట్టెయ్యలేదు. ఆ వరస మొదటినుంచి చివరిదాకా చదివి, కింద నా సంతకం పెట్టి వచ్చేవాణ్ణి.