మా పక్క వాదన

అర్థశాస్త్రమంటే గీతలు గీసుకునే చదువని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కలకత్తాలో నేను ఎమ్మే చదివేటప్పుడు మా మాస్టారు నేర్పింది వాదించడం. అదీ మనం నమ్మని వైపు నిలబడి. అవతలివాడి మాట వాడికంటే బాగా చెప్పగలిగితేనే మన మాటకు విలువ అనేవారాయన.

ఒకసారి నా వంతుకు ఖిదిర్‌పూర్ రేవు వచ్చింది. ఓడల్లోంచి సరుకు దించడానికి మనుషుల బదులు యంత్రాలు పెట్టాలని నేను వాదించాలి. మా నాన్న ఆ రేవులోనే బస్తాలు మోసేవాడు. సిక్కోలు నుంచి వచ్చిందే ఆ పనికి. అయినా వాదించాను. ఓడ రేవులో ఊరికే నిలబడితే ఎవరికి నష్టమో, సరుకు వేరే రేవులకు ఎలా తరలిపోతుందో చెప్పాను. క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో అన్నం తింటూ నాన్న, "ఇయ్యేళ ఏటి సదివినావమ్మా?" అని అడిగాడు. దాచలేక అంతా చెప్పేశాను. ఆయన చెయ్యి కంచంలోనే ఉంచి విన్నాడు.

"మరి ఇప్పుడు మా పక్క సెప్పు," అన్నాడు.

చెప్పాను. యంత్రం వస్తే పని పోయేవాళ్ల గురించి, ఆ వయసులో ఇంకో పని నేర్చుకోలేని చేతుల గురించి. మధ్యలో కళ్లనీళ్లు వచ్చి ఆగిపోయాను.

నాన్న ఎడమచేత్తో నా తల నిమిరాడు.

"ఆల్ల పక్క సెప్పినప్పుడు నువ్వు ఏడవనేదు. మాదీ అలగే సెప్పడం నేర్సుకో."