టాంకరు వానకు మోసపోయిన పిట్టలు

ఆ రోజుల్లో హైదరాబాదులో రెండు కంప్యూటర్ కోర్సులు చేసిన ప్రతివాడికీ ఉద్యోగం వస్తోందని అందరూ చెప్పుకునేవాళ్ళు. ఆ ప్రతివాడిలో నేను లేనని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. మోతీనగర్‌లో పిన్నివాళ్ళింట్లో ఉంటూ, ఆ ఖాళీలో నేను చేసిన కొలువు పిట్టపిల్లల్ని తూచడం. (పిన్ని మాత్రం ఇరుగుపొరుగుతో "మావాడు డేటాలో ఉన్నాడు" అనేది. అదీ అబద్ధం కాదు లెండి.)

ఆ పని ఇచ్చినావిడ పిట్టల మేడమ్. పాడే పిట్టలు ఏ సమయంలో గుడ్లు పెడితే వాటి పిల్లలు ఎంత ఆరోగ్యంగా ఉంటాయన్నది ఆవిడ పరిశోధన. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ తోటల్లో గూళ్ళు వెతికి, రోజూ పొద్దున్నే పిల్లల్ని బుల్లి త్రాసులో తూచి, ఆ బరువులు కంప్యూటర్లో ఎక్కించాలి. "సాధారణంగా ముందు పుట్టిన పిల్లలే బలంగా ఉంటాయి, ఆలస్యమైతే తిండి తగ్గుతుంది" అని మొదటిరోజే చెప్పిందావిడ. ఆ "సాధారణంగా" అన్న మాటను నేను నోట్‌బుక్కులో రాసుకోలేదు.

ఫిల్మ్‌నగర్లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళా ఒకటుంది. నడివేసవిలో ఆ తోటలో, మందారపు ఆకులు రెండు కలిపి కుట్టుకున్న దర్జీపిట్ట గూడు కనపడింది. అందులో మూడు గుడ్లు! మా జాబితాలో మిగతా దర్జీపిట్టలన్నీ తొలకరి కోసం ఎదురుచూస్తుంటే, ఈ జంట నెలన్నర ముందే కాపురం పెట్టేసింది. "మేడమ్, మనకు స్టేట్ ఫస్టు పిల్లలు వస్తున్నాయండీ!" అని ఫోన్లో అరిచాను.

పిల్లలు వచ్చాయి. నాలుగు రోజులు బాగానే పెరిగాయి, ఐదోరోజు ఆగిపోయాయి, ఆరోరోజు తగ్గాయి. నాకు అయోమయంగా ఉంది. త్రాసు పాడైందేమోనని నా ఉంగరం తూచాను, అది తగ్గలేదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను (నా కోర్సులో నేర్పిన వైద్యం అదొక్కటే). పిల్లలు తగ్గుతూనే ఉన్నాయి. తల్లిపిట్ట పాపం తిరుగుతూనే ఉంది, కానీ చాలాసార్లు ఖాళీ ముక్కుతో వస్తోంది. ఏడోరోజు పొద్దున చిన్నది చనిపోయి ఉంది. ఆ రోజు బరువు రాయాల్సిన గడిలో ఏం రాయాలో తెలియక మందారం కింద కూలబడ్డాను. ఏడుపొచ్చింది కూడా.

"ఏందయ్యా, గట్ల కూసున్నవ్?" అన్నాడు తోటమాలి తాత.

"ముందు పుట్టినవి కదా తాతా, బలంగా ఉండాలి కదా?"

"ముందేంది, ఎన్కేంది? తిండి ఉన్నప్పుడు పుట్టాలె. నెల కింద గీడ షూటింగోళ్ళు పాట, ఫైటు అనుకుంట పదిహేను రోజులు టాంకర్లతోని వాన కొట్టిండ్రు. తోటంత పచ్చగైంది, పురుగు లేసింది. పిట్టలు నిజం వాననే అనుకున్నయ్. ఆళ్ళు ప్యాకప్ చెప్పి పోయిండ్రు. బోరు ఎండె. గిప్పుడు పురుగు ఏడికెళ్ళి వస్తది?"

వాన కురిపించగల మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆ సినిమా ప్రొడక్షన్ మేనేజరు. వెతుక్కుంటూ వాళ్ళ ఆఫీసుకు పోయాను.

"వాన కావాలండీ."

"ఏ సినిమాకండీ?"

"సినిమాకి కాదండీ, పిల్లలకి."

"స్కూలు ఫంక్షనాండీ?"

అంతా వివరించాను. "బాబూ, నేను ఆర్టిస్టుల డేట్లు చూస్తానండీ, పిట్టలవి కాదు" అన్నాడాయన. లేచి వస్తూ, "తోటంతా ఎండిపోయిందండీ, ఒక్క పచ్చటి ఆకు లేదు" అన్నాను, ఇంకేమనాలో తెలియక.

ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఎండిపోయిందా! పాటలో ఇంకా రెండు షాట్లు ఉన్నాయండీ! ఈ షాట్లో పచ్చగా ఉండి, ఆ షాట్లో ఎండిపోతే డైరెక్టరుగారు నన్ను నమిలేస్తారు!"

పిల్లల ప్రాణానికి కదలని మనిషి ఆకుల రంగుకు ఎందుకు వణికాడో నాకప్పుడు అర్థం కాలేదు. మర్నాటినుంచి వారం రోజులు టాంకర్లు వచ్చాయి. పైపు పట్టినతను "హీరో ఎక్కడ?" అంటే గూడు చూపించి, "ఆయన మీద మాత్రం కొట్టకండి" అన్నాను. మూడోరోజుకి తోటలో పురుగు లేచింది. త్రాసులో ముల్లు పైకి కదిలింది. వారం తిరిగేసరికి మిగిలిన రెండూ రెక్కలొచ్చి ఎగిరిపోయాయి.

మేడమ్ సంతోషించింది, ఆ వెంటనే కంప్యూటర్లో ఆ గూడు లెక్కల వరుస మొత్తం కొట్టేసింది. "ఇది ప్రకృతి కాదు, లెక్కలోకి రాదు" అంది. "వాటికి తెలియదు కదండీ, అది షూటింగని" అన్నాను. ఆవిడ ఆ వరుస ఉన్న చోటికి కర్సరు తీసుకెళ్ళింది. కానీ ఆ వరుస మళ్ళీ ఎక్కించలేదు.

తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది, బాల్కనీ ఉన్న ఇల్లూ వచ్చింది. మే నెలలో మందారం కుండీ ముందు చెంబు పట్టుకుని నిలబడతాను. పోస్తే ఏ పిట్టనైనా మోసం చేసినవాణ్ణవుతానా, పోయకపోతే చంపినవాణ్ణవుతానా అన్నది ఇప్పటికీ తేలదు. మా ఆవిడ నవ్వుతుంది, నాకూ నవ్వొస్తుంది. చివరికి పోస్తాను. ఒకసారి పోశాక మాత్రం, నిజం వాన వచ్చేదాకా ఒక్కరోజు కూడా మానను.