గొట్టం మూసిన చెయ్యి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఐసీయూలో నర్సును. పోయినవాళ్లు తిరిగి రారు, ఆ మంచం మీదికి ఇంకో పేషెంటు వస్తాడు, అంతే.

అప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేస్తున్నాను. జడ్చర్ల దగ్గరి ఊరి నుంచి నర్సింహులు అనే యువకుణ్ణి తెచ్చారు. కామెర్లు ముదిరి, వారాల తరబడి తిండి ముట్టక, చివరికి నిమోనియా సోకి వెంటిలేటర్ మీదికి వెళ్లాడు.

అలా ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెట్టకూడదు. రక్తంలో లవణాలు పడిపోయి గుండె ఆగిపోవచ్చు. అందుకే ముక్కు గొట్టంలో కొద్దికొద్దిగా పాలు ఎక్కిస్తాం. వాళ్లమ్మ లక్ష్మమ్మకు అది మింగుడుపడలేదు.

"గింతంత పాలకు పానమెట్ల నిలుస్తది బిడ్డా? జర ఎక్కువ పొయ్యరాదు?"

చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది.

ఒకరోజు పొద్దున డాక్టర్ పాలు కాస్త పెంచమన్నారు. పెంచాను. కాసేపటికి చూస్తే గొట్టాన్ని నొక్కిపట్టే క్లాంప్ మూసి ఉంది, పాలు దిగడం లేదు. నేనే మరిచానేమోనని తెరిచాను. మళ్లీ మూసుకుంది. గొట్టం మార్చాను. కొత్తదీ అంతే. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. లక్ష్మమ్మ బయట బెంచీ మీద కునుకుతోంది. అతనికి స్పృహ లేదు, చేతులు మంచానికి కట్టి ఉన్నాయి. వరసగా రెండు డ్యూటీలు చేసి ఉన్నానేమో, భయం కాదు, చిరాకు వచ్చింది.

మళ్లీ తెరవబోతుంటే ల్యాబ్ నుంచి ఫోన్. రక్తంలో ఫాస్ఫరస్ బాగా పడిపోయిందట. డాక్టర్ పరుగున వచ్చి పాలు తగ్గించి, మందులు ఎక్కించారు. "ఆ పాలు మొత్తం దిగి ఉంటే దక్కేవాడు కాదు" అన్నారు.

వెంటిలేటర్ తీశాక నర్సింహులు అడిగిన మొదటి మాట ఇది: "సిస్టర్, గా ముసలవ్వ ఏది? చేతికి ఆరు వేళ్లున్నయి. గొట్టం నొక్కిపట్టి, 'పైలం కొడుకా, మెల్లగ' అనుకుంట కూసుండె."

పక్కనే ఉన్న లక్ష్మమ్మ ముఖం పాలిపోయింది.

"మా అత్త, వీని నాయినమ్మ. కరువుల ఆమె తమ్ముడు ఒక్కపారే కడుపునిండ అంబలి తాగి, ఆడనే పానమిడ్సిండట. వీడు పుట్టకముందే అత్త పోయింది. ఫోటో గూడ లేదు."

ఎవరో చెప్పగా విని, మత్తులో కల గని ఉంటాడు అనుకున్నాను. మరి క్లాంప్?

లక్ష్మమ్మ మంచం పక్కనున్న ఖాళీ జాగా వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఇగ నువ్వు పో అత్తమ్మా. నేను జూసుకుంట."

నేను తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాను. పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ చెప్పలేను.