తరుగు పోను

ఆ రోజుల్లో కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం. (దుమ్ము పడుతుందని అనేవారు, కొంత భక్తి కూడా ఉండేదని నా అనుమానం.) దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల కొట్టు పైన మా ఆఫీసు. బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసి అమ్మేవాళ్ళం. నేను చేరి ఆరు నెలలైనా ఇంకా టెంపరరీనే. మా యజమానిని చాటుగా చుక్కల సార్ అనేవాళ్ళం. కొట్టుకొక ప్రోగ్రాము రాయడం దండగ, అందరికీ కలిపి ఒకటే రాసి, ఎవరికి కావలసిన ముక్కలు వాళ్ళకు అతికించి ఇవ్వాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకోసం గోడంత కాగితం మీద కొమ్మలు కొమ్మలుగా ఒక పటం గీయించారు. నల్లచుక్క పెట్టిన ముక్క అందరికీ తప్పనిసరి, తెల్లచుక్కది కావాలంటేనే, బాణం గీస్తే ఇది ఉన్నచోట అది ఉండి తీరాలి. ఆ పటం నా అధీనంలో ఉండేది. ఒక్క చుక్క అటూ ఇటూ అయినా నాకు అన్నం సహించేది కాదు.

మా మొదటి ఖాతాదారులందరూ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో కమీషన్ ఏజెంట్లు. అక్కడ కాయలు తూచాక, కుళ్ళు పేరు చెప్పి కొంత బరువు కోసేస్తారు. దాన్ని తరుగు అంటారు. కాబట్టి పటంలో బరువు నుంచి తరుగుకు ఒక బాణం గీశాను. ముచ్చటగా వచ్చింది. (స్కేలు పెట్టి గీశాను.)

ఆ వేసవిలో ఎల్.బి. నగర్‌లో ఒక కాన్పుల దవాఖాన వాళ్ళు ప్రోగ్రాము అడిగారు. ఇది నిలబడితే నీ ఉద్యోగం ఖాయం అమ్మాయ్, లేకపోతే నేనేం చెయ్యలేను అన్నారు సార్. పటం ముందు కూర్చుని పేరు, గది కిరాయి, మందులు, బరువు ఏరి, కలిపి, మే నెల రెండో సోమవారం దవాఖాన కంప్యూటరులో పెట్టి వచ్చాను. (తేదీ కూడా చెప్పగలను, ఎవరూ అడగరు.) గురువారం డాక్టరమ్మ దగ్గర్నుంచి కబురు, వెంటనే రమ్మని.

వెళ్ళేసరికి బల్ల దగ్గర ఒక పెద్దావిడ, ఒళ్ళో పసిపిల్ల, చేతిలో మా ప్రోగ్రాము తీసిన చీటీ. బరువు మూడు కిలోలు, తరుగు మూడు వందల గ్రాములు, నికరం రెండు కిలోల ఏడు వందలు. లెక్క సరిగ్గానే ఉంది; నేను ముందు అదే చూశాను. తండ్రి పేరు ముందు 'రైతు' అని కూడా పడింది గాని, ఆయన నిజంగానే రైతు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

"ఏంది బిడ్డా గిది," అంది ఆవిడ. "మార్కెట్ల మామిడికాయలకు తీస్తరు, నోర్మూసుకుంటం. నా మన్మరాలికి గూడ తీస్తరా?"

డాక్టరమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. అది కోపమో నవ్వో తెలియక నా ఉద్యోగం అక్కడే గాలిలో వేలాడింది. తప్పు మాదేనమ్మా, పాపది పూర్తి బరువేనని చెప్పి, తరుగు ముక్కను ఊడదీసి ఇంకో చీటీ తీసి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. తర్వాత నా వంక చూసింది.

"గింత అల్కగ పోతదా? గట్లనే మార్కెట్ల గూడ తీసెయ్యరాదు బిడ్డా."

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ ప్రోగ్రాము ఉంచుకుంటానంది. నా ఉద్యోగం ఖాయమైంది. అప్పటిదాకా వచ్చినవాళ్ళందరూ పండ్లవాళ్ళే గనక, బరువున్నచోట తరుగు ఉండి తీరాలి, లోకమంతా అంతేననుకున్నాను మరి. ఆ సాయంత్రమే బాణం చెరిపి తరుగుకు తెల్లచుక్క పెట్టాను. కావాలంటేనే అన్నమాట. ఏజెంట్లలో ఒక్కరూ తరుగు వద్దనలేదు.

ఇప్పుడు ఆ మార్కెట్ బాటసింగారం వెళ్ళిపోయింది. మొన్న వనస్థలిపురం దవాఖానలో నన్ను తూచిన చిన్న డాక్టరు, పోయినేటి కంటే మూడు కిలోలు తగ్గారేమిటి అమ్మమ్మా అని కంగారుపడింది. తరుగు తీసుంటార్లేమ్మా అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. తరుగు పోను, ఇంకా బాగానే మిగిలాను.