ఎదుటి మిద్దె మీది పిలుపు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఇందాక మా పాస్టరయ్యగారు "సుజాతమ్మా, రా తల్లీ" అని ఒక్కసారి పిలిస్తే నేను లేచి వచ్చాను, ఈ కడప సంఘంలో మీకెవరికీ అది వింతగా తోచి ఉండదు, కానీ కర్నూలు నుంచి నాతో వచ్చినవాళ్లను అడగండి, పోయిన క్రిస్మస్‌కు ముందు నన్ను పేరు పెట్టి పిలిస్తే నేను పలికేదాన్ని కాదు, ఎవరు పిలిచినా సరే, కట్టుకున్న మొగుడు పిలిచినా సరే, ఒళ్లంతా చల్లబడి గోడకు అతుక్కుపోయేదాన్ని! అట్లాంటి నన్ను ఈ రోజు మీ ముందు నిలబెట్టిన దేవునికే మహిమ!

మా ఇల్లు కర్నూలు వన్‌టౌన్‌లో, నదికి దగ్గరి సందులో. వాన కోసం ఉపవాసాలుండి ప్రార్థించే సీమ మనది, అట్లాంటి ఊళ్లోకి పోయిన యేడు తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి వచ్చిపడ్డాయి, మీకందరికీ తెలిసిన సంగతే. బియ్యం డబ్బా పైకెత్తుకునే లోపల నీళ్లు నడుముకు వచ్చాయి, నేనూ మా ఆయన ప్రసాదూ పిల్లలను తీసుకొని మిద్దెక్కాము. కరెంటు లేదు, పొద్దు గూకింది, పక్క మనిషి ముఖం పక్క మనిషికి కనపడదు, కింద నీళ్లు గోడలను రాసుకుంటూ పోతున్నాయి. అప్పుడు సందంతా ఒక మిద్దె మీద నుంచి ఇంకో మిద్దెకు పిలుచుకోవడం మొదలుపెట్టింది. "ఉండారా?" అని ఒక గొంతు, "ఉండామప్పా!" అని ఇంకో గొంతు. ఎవరూ తమ పేరు చెప్పుకోలేదు. ఇన్నేళ్లుగా ఇరుగుపొరుగున ఉన్నవాళ్లం, గొంతు వింటే తెలియదా?

ఆ రాత్రి మా ఎదుటింటి మిద్దె మీద జరీనక్క ఒక్కతే ఉంది. మొగుడు పోయిన మనిషి, కుట్టుమిషన్ మీద బతికేది, మా పిల్లల స్కూలు బట్టలన్నీ ఆమె కుట్టినవే, రంజాన్ సేమ్యా మా ఇంటికి రాకుండా ఆమె నోట్లోకి పోయేది కాదు. "ఉండావా, సుజాతమ్మా?" అని ఆమె పిలవడం, "ఉండాను, జరీనక్కా!" అని నేను పలకడం, అట్లా ఎంతసేపు గడిచిందో, ఇంతలో మిలటరీ పడవొకటి మోటారు మోతతో సందులోకి వచ్చి పోయింది, మోత తగ్గినాక నేను పిలిస్తే ఎదుటి మిద్దె పలకలేదు. మళ్లీ పిలిచాను, పలకలేదు. తెల్లవారి చూస్తే పిట్టగోడ ఒక పక్క కూలి నీళ్లలో పడి ఉంది, మిద్దె మీద మనిషి లేదు. జరీనమ్మ నీళ్లల్లో పోయిందని సందంతా ఏడ్చింది.

నీళ్లు తీశాయి. బురద ఎత్తిపోశాము, గుడిసె అనక మేడ అనక అన్నింటిదీ ఒకే కంపు. ఒక సాయంత్రం మసీదులో మగ్రిబ్ అజాన్ అయిపోయింది, నేను మిద్దె మీద చాపలు ఆరేస్తున్నాను, అప్పుడు సహోదరులారా, తాళం వేసిన ఆ ఎదుటింటి మిద్దె మీద నుంచి స్పష్టంగా వినిపించింది, "ఉండావా, సుజాతమ్మా?" అని!

నా చేతిలో చాప కింద పడిపోయింది. మా అవ్వది ఆలూరు దగ్గర పల్లె, నా చిన్నప్పుడు ఆమె చెప్పేది, మునిమాపు వేళ ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకగూడదు, రెండో పిలుపుకూ పలకగూడదు, దయ్యానికి మూడోసారి పిలిచే శక్తి ఉండదు అని. సండే స్కూల్ టీచరుగా నేను ఆ మాట చెప్పి పిల్లలను నవ్వించినదాన్నే. కానీ ఆ గొంతు సాయంత్రానికి ఒక్కసారే పిలిచేది, రెండోసారి పిలిచేది కాదు. మర్నాడు అదే వేళకు మళ్లీ ఒక్కసారి. ఆ మర్నాడూ అంతే. మా ఆయన నా పక్కనే నిలబడి చెవి పెట్టాడు, ఆయనకు ఏమీ వినపడలేదు.

ఇంక నాకు ఏ పిలుపు మనిషిదో ఏ పిలుపు మనిషిది కాదో తెలియకుండా పోయింది. ఆయన వంటింటి గుమ్మం నుంచి టీ కోసం పిలిస్తే మూడోసారి దాకా లోపల ఊపిరి బిగపట్టి కూర్చునేదాన్ని, బస్సు డిపోలో మెకానిక్ ఆయన, పాపం ఓపిక గలవాడు, "మూడుసార్లు అరిస్తే గానీ మా ఇంట్లో టీ పుట్టదు" అని మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. సాయంత్రం అన్నం పోయేది కాదు, చిక్కి పుల్లనయ్యాను. డాక్టరు ఇచ్చిన మాత్రలకు నిద్ర వచ్చింది గానీ పిలుపు ఆగలేదు. చివరకు క్రిస్మస్ అయిపోతానే నన్ను ఆలూరులో మా అమ్మ దగ్గర వదిలి, పిల్లలను తన అక్క దగ్గర పెట్టి, ఇంటికి తాళం వేయాలని ఆయన నిర్ణయించాడు. నా సంసారం నా కళ్ల ముందే మూడు ముక్కలు కాబోతోంది! ఆ రోజు మోకాళ్ల మీద పడి ఏడ్చాను, "ప్రభువా, ఇది నీ పిలుపు కాకపోతే దీని నోరు మూయించు, నీదైతే పలికే ధైర్యం నాకియ్యి, నా పిల్లల నుంచి నన్ను వేరు చేయొద్దు తండ్రీ" అని.

ఇప్పుడు దేవుడు ఏ దారిన వచ్చాడో వినండి! వరదకు మా సంఘం చెల్లాచెదురైంది, కొందరు నంద్యాలకు, కొందరు కోయిలకుంట్లకు, కొందరు హైదరాబాదుకు చుట్టాల ఇళ్లకు పోయారు, సెల్ ఫోన్లు నీళ్లలో నాని చచ్చాయి, వాటిలోని నంబర్లూ వాటితోపాటే పోయాయి. మా పాస్టరమ్మగారికి కంప్యూటర్ తెలుసు. స్నేహితులు ఫొటోలూ ముచ్చట్లూ పెట్టుకునే ఒక ఇంటర్నెట్ సైటులో ఆమె మా చర్చి పేరుతో ఒక కమ్యూనిటీ తెరిచింది, ఎక్కడున్నవాళ్లు అక్కడి నెట్ సెంటర్‌కు పోయి సాయంత్రం తమ పేరు రాసి, కింద "ఉన్నాను" అని ఒక్క మాట రాయాలి, ప్రార్థన మనవి ఉంటే అదీ రాయాలి. పాస్టరయ్యగారు మొదట ఒప్పుకోలేదు, "కాలేజీ పిల్లలు ప్రేమ కబుర్లాడే చోట ప్రార్థనలేందమ్మా" అన్నాడు. ఆమె ఊరుకుంటుందా? "చేపలు ఉన్నచోటే కదయ్యా వల వేసేది" అనింది. అయ్యగారు చేతులెత్తేశాడు! నెల తిరగకముందే చెదిరిన గొర్రెలన్నీ ఆ తెర మీద ఒక్కటొక్కటిగా పలకడం మొదలుపెట్టాయి.

ఒక సాయంత్రం పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సుజాతక్కా, నీకు చెప్పకూడదనుకున్నాను, ఎవరో పోకిరి మన కమ్యూనిటీలో నీ పేరు రాసి ఎగతాళి చేస్తున్నాడని, దాన్ని రెండుసార్లు చెరిపేశాను, ఈ రోజు మళ్లీ వచ్చింది" అని నన్ను నెట్ సెంటర్‌కు తీసుకుపోయింది. తెర మీద ఫొటో లేదు, మనిషి పేరు లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, ఒకే ఒక్క వరుస. ఉండావా సుజాతమ్మా.

సహోదరులారా, గమనించండి! నాకు వినిపించే పిలుపు నేను మా ఆయనకు తప్ప ఎవరికీ మాట మాటగా చెప్పలేదు. నాకు ఏదో భయం పట్టిందని మాత్రమే పాస్టరమ్మగారికి కూడా తెలుసు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట తెర మీద కూర్చొని నన్ను చూస్తోంది. కుర్చీలోంచి లేచి పారిపోబోయాను. అప్పుడు, ఎక్కడి నుంచి తట్టిందో, మొదటిది చెరిపేశారు, రెండోది చెరిపేశారు, ఇది మూడోది, మూడోసారి పిలిచేది దయ్యం కాదు! మా అవ్వ మూఢ నమ్మకాన్ని కూడా నా ప్రభువు నాకు చేతికర్రగా ఇచ్చాడు! కళ్లు మూసుకొని "యేసయ్యా, నీ పేరున పలుకుతున్నాను" అని, కళ్లు తెరిచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "ఉండాను" అని కొట్టాను.

కాసేపటికి తెర మీద ఒక ఫోన్ నంబరు వచ్చింది. పక్కనే ఫోన్ బూత్ ఉంటే అక్కడి నుంచి చేశాను. ఫోనెత్తిన గొంతు ఇంకేమీ మాట్లాడకుండా భోరున ఏడ్చింది, "యా అల్లా, నువ్వు బతికే ఉండావా తల్లీ! నేను ఈడ కడపలో మా చెల్లెలింట్లో ఉండా! పిట్టగోడ కూలి కాలిరిగె, పడవోళ్లు నన్ను ఎత్తుకోని పోయిరి, పోతా పోతా నిన్ను పిలిస్తి, నువ్వు పలకలే, నీళ్లల్లో పోయినావనుకుంటి!" అని. పడవ మోతలో నా మాట ఆమెకూ ఆమె మాట నాకూ వినపడలేదు, అవతలి మనిషి చచ్చిపోయిందనుకొని ఇద్దరమూ కుమిలిపోయాము. ఆమె చెల్లెలి మొగుడికి నెట్ సెంటర్ ఉంది, మా చర్చి పేరు వెతికి రాయమని ఆమే చెప్పి రాయించింది. "పేరు రాయించకపోతివే అక్కా, నా ప్రాణం తీసినావే" అన్నాను. "ఆ పొద్దు మిద్దె మీద పేరు చెప్పినామా? నా మాట వింటే నీకు తెలియదా అనుకున్యా" అనింది! తెర మీది మాటకు గొంతుండదని ఆమెకు తోచనే లేదు.

ఇంకొక మాట చెప్పింది, అది చెప్పకుండా నేను ఈ వేదిక దిగలేను. "దినామూ నమాజు కాంగానే గుమ్మంలో మంచం ఏయించుకోని, కర్నూలు దిక్కు తిరిగి నిన్ను ఒకసారి పిలుచుకుంటా ఉంటి సుజాతమ్మా, మా చెల్లెలు నాకు మతి పోయిందనె" అనింది. ఏమని పిలిచేదానివక్కా అని అడిగాను. "ఇంకేమని పిలుస్తా? ఉండావా సుజాతమ్మా అనే."

కడపలో గుమ్మంలో పిలిచిన పిలుపు కర్నూలులో నా చెవికి ఎట్లా చేరిందో నాకు తెలియదు, అయ్యగారికీ తెలియదు. ఆ మర్నాడు సాయంత్రం అజాన్ అయినాక మిద్దెక్కి నిలబడ్డాను, ఎదుటి మిద్దె నిశ్శబ్దంగా ఉంది, ఈ రోజు దాకా మళ్లీ ఆ పిలుపు రాలేదు. క్రిస్మస్ నాడు నా పిల్లలు నా ఇంట్లోనే, నా పక్కనే కూర్చొని అన్నం తిన్నారు! ఆయన ఒక్కసారి పిలిస్తే టీ పుడుతోంది! దేవునికి స్తోత్రం!

అదిగో, ఆ వెనక వరుసలో కర్ర పట్టుకొని, నల్ల బురఖాలో కూర్చున్న పెద్దామెను చూడండి. ఆమె దువా ఆమెది, నా ప్రార్థన నాది, నా సాక్ష్యం వినాలని కుంటుకుంటూ వచ్చింది. ఉండావా, జరీనక్కా?

విన్నారా, ఒక్క పిలుపుకే "ఉండా తల్లీ" అనింది! సహోదరులారా, మీ పట్నంలో ఏ అద్దె గదిలో ఎవరు ఒంటరిగా కూర్చొని, తనను ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నారో మీకు తెలియదు, తెర మీదనో ఫోన్లోనో "ఉన్నావా" అని ఒక్క మాట అడగండి, మీ పేరు మాత్రం రాయడం మరవకండి! మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే ప్రభువు ఒకడున్నాడు, ఆయనకు పలకడానికి మాత్రం నా మాదిరి మూడో పిలుపు దాకా ఆగవద్దు. ఈ పూటే, ఈ మొదటి పిలుపుకే, ఉన్నాను ప్రభువా అనండి.